మురుగు మడ్డి నుండి పైరు ఎరువు వరకు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్లు నిండిన పాఠశాల పండుగనాడు మురుగును గూర్చిన ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. మామిడి తోరణాలు కట్టిన పందిట్లో ఆ మాట ఎత్తడం ఔచిత్యం కాదని పెద్దలు భావించినా తప్పులేదు. కాని పాఠశాల అనేది అంటరాని విషయమంటూ ఏదీ లేని చోటు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో సేద్యం చేసే కుటుంబాలు, యంత్రాల మధ్య పనిచేసే కుటుంబాలు, పట్టణాన్ని ప్రతి ఉదయం శుభ్రం చేసే కుటుంబాలు ఒకే తరగతి గదిలోకి తమ బిడ్డలను పంపుతున్నాయి. ఆ మూడు కుటుంబాలకూ ఒకేచోట సంబంధం కలిగిన విషయం ఈ మురుగు మడ్డి. అందుచేత ఇది ఈ సభకు తగిన విషయమే.

ముందుగా నది సంగతి చెప్పుకోవాలి. తెలుగువారు దక్షిణ పినాకిని అనీ, తమిళులు తెన్‌పెణ్ణై అనీ పిలిచే నది కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టి, హోసకోట మీదుగా దిగి, హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయాన్ని, ఆపైన కృష్ణగిరి జలాశయాన్ని నింపి, సాత్తనూరు దాటి కడలూరు వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. కృష్ణగిరి జలాశయం 1950ల చివరలో ఉపయోగంలోకి వచ్చింది. సుమారు 9,000 ఎకరాలకు నీరిచ్చే ఆధారమది. ఈ నదిలోకి పైన బెంగళూరు నగరపు తూర్పు భాగం నుండి బెల్లందూరు, వర్తూరు చెరువుల మీదుగా మురుగు చేరుతున్నది. ఇటీవలి సంవత్సరాలలో వానలు కురిసి కెలవరపల్లి తలుపులు ఎత్తినప్పుడల్లా, దూది గుట్టల వంటి తెల్లని నురుగు కాలువల మీదా, రోడ్ల మీదా, పక్క చేల మీదా పరుచుకోవడం ఈ ప్రాంతం వారందరూ చూసినదే. చూసేందుకు మంచులా ఉంటుంది. అది సబ్బుల, శుద్ధికాని మురుగు యొక్క నురుగు. పై ఊరు వదిలినది కింది ఊరికి చేరుతుందన్న పాఠాన్ని ఆ నురుగు పుస్తకం లేకుండానే బోధిస్తున్నది. హోసూరు వదిలినది కృష్ణగిరికి చేరుతుందన్నది దాని తరువాతి పాఠం.

ఇక మడ్డి అంటే ఏమిటో చూద్దాం. రాగి అంబలిని కుండలో కాసేపు కదలకుండా ఉంచితే పైన పలుచని తేట, అడుగున చిక్కని ముద్ద ఏర్పడతాయి. మురుగునీటి శుద్ధిలో జరిగేది కూడా మొదట అదే. మురుగునీటిలో దాదాపు 99.9 శాతం నీరే. మిగిలిన అత్యల్ప భాగమే మలినం. పెద్ద తొట్లలో నీటిని నిలకడగా ఉంచినప్పుడు బరువైన పదార్థం అడుగుకు దిగుతుంది. అది తొలి మడ్డి. పైన తేలిన నీటిలో కరిగివున్న మలినాన్ని సూక్ష్మజీవులకు ఆహారంగా ఇచ్చి, గాలి ఊది, వాటిని పెంచుతారు. అవి తిని, పెరిగి, గుంపులుగా కూడి అడుగుకు చేరుతాయి. అది మలి మడ్డి. నీరు శుభ్రమైనదని సంతోషించేలోగా, నీటిలో ఉన్న మలినంలో చాలా భాగం మడ్డిలోకి చేరి కూర్చున్నదన్న మాట. మురుగునీటిని ఎంత బాగా శుద్ధి చేస్తే అంత మడ్డి మిగులుతుంది. దానిని ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

హోసూరు, కృష్ణగిరి వంటి పట్టణాలలో దీనికి మరొక రూపం కూడా ఉన్నది. భూగర్భ మురుగు కాలువ చేరని ఇళ్లకు సెప్టిక్ ట్యాంకే ఆధారం. అది నిండినప్పుడు గొట్టం, పంపు ఉన్న లారీ వచ్చి దానిని తోడుకొని పోతుంది. ఆ లారీ వీధి మలుపు తిరిగిన తరువాత అది ఎక్కడికి పోతున్నదని అడిగే గృహస్థు అరుదు. కొంత చెరువు కట్టల పక్కకు, కొంత గుంతలలోకి పోతుంది. కొంత పొలాల్లోకి పోతుంది. బెంగళూరు చుట్టుపక్కల రైతులు ఇటువంటి లారీల సరకును చేలలో పోయించుకొని, ఎండబెట్టి, ఎరువుగా వాడడం పరిశోధకులు గ్రంథస్థం చేసిన విషయమే. లారీవారికి పోసేందుకు చోటు కావాలి, రైతుకు ఎరువు కావాలి. ఇద్దరికీ లాభమే. అయితే ఆ లాభంలో దాగిన నష్టం ఎవరిదన్నది ఆలోచించవలసిన విషయం.

ఈ శాస్త్రానికి, ఈ ప్రాంతానికి ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. గాలి ఊది మురుగును శుద్ధి చేసే పద్ధతిని 1914లో ఇంగ్లండులోని మాంచెస్టరులో ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు ప్రకటించారు. నేడు ప్రపంచమంతటా మహానగరాలు వాడుతున్న పద్ధతి అదే. వారికి మార్గదర్శకుడైన గిల్బర్ట్ ఫౌలర్ 1916లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు ఆచార్యుడిగా వచ్చాడు. హోసూరుకు కూతవేటు దూరంలో ఆయన మురుగు మడ్డిని గూర్చి, అందులోని నత్రజనిని నేలకు తిరిగి చేర్చడం గూర్చి పరిశోధనలు చేశాడు. ఆ తరువాత 1939లో అదే సంస్థలో సి.ఎన్. ఆచార్య పట్టణపు చెత్తను, మలాన్ని పొరలు పొరలుగా గోతులలో పేర్చి, పైన మట్టితో మెత్తి, ఆరు నుండి ఎనిమిది నెలలు మగ్గనిచ్చి ఎరువు చేసే పద్ధతిని రూపొందించాడు. వ్యవసాయ పాఠ్యపుస్తకాలలో నేటికీ అది ‘బెంగళూరు పద్ధతి’ అనే పేరుతోనే ఉన్నది. అంతకు ముందు ఇందూరులో ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్ పశువుల పేడ, చెత్తలతో రూపొందించిన ‘ఇందూరు పద్ధతి’కి అది తోబుట్టువు.

ఇంకా వెనక్కి పోతే, కృషిపరాశరమనే ప్రాచీన సంస్కృత గ్రంథం పెంటదిబ్బను మాఘమాసంలో తవ్వి, ఎండబెట్టి, పొడిచేసి చేలకు చేర్చే విధానాన్ని వివరించింది. హోసూరు పక్కన మత్తిగిరిలో 1824లో ఏర్పడిన పశువుల క్షేత్రం నేటికీ ఉన్నది. ఈ నేల పేడ విలువ ఎరుగని నేల కాదు. పశువు ఇచ్చిన దానిని నెత్తిన పెట్టుకున్న రైతు, మనిషి నుండి వచ్చిన దానిని గూర్చి మాత్రం సంకోచించాడు. ఆ సంకోచంలో కొంత కులభేదం ఉన్నది, కొంత ఆరోగ్య వివేకం ఉన్నది. మొదటిదాన్ని వదిలిపెట్టాలి, రెండవదాన్ని నిలుపుకోవాలి.

మడ్డిలో నేలకు పనికివచ్చేది ఏమున్నది? హోసూరు, డెంకణికోట, సూళగిరి, బేరికై ప్రాంతాలలో ఎర్రనేలలు ఎక్కువ. రాగులు, ఉలవలు, టమాటా, క్యాబేజీ, గులాబీలు, కృష్ణగిరి వైపున మామిడి తోటలు వీటి మీదే పండుతున్నాయి. ఎర్రనేలలో సేంద్రియ పదార్థం తక్కువ. ఎండకాలం త్వరగా ఎండుతుంది, వాన పడితే పైమన్ను కొట్టుకొని పోతుంది. ఏటేటా యూరియా వేస్తే పైరు పచ్చబడుతుంది గాని నేల గుల్లబారదు. మాగిన మడ్డి ఎరువు నేలను గుల్ల చేస్తుంది, తడిని నిలుపుతుంది, వానపాములకు ఆహారమవుతుంది. అందులో నత్రజని, భాస్వరం చెప్పుకోదగినంత ఉంటాయి. పొటాష్ మాత్రం నీటిలో కరిగి వెళ్లిపోతుంది కనుక తక్కువ. జింకు, రాగి వంటి సూక్ష్మ పోషకాలు కూడా ఉంటాయి.

ఈ పోషకాల విలువను చిన్న లెక్కతో పిల్లలు సులభంగా గ్రహించవచ్చు. భారతదేశంలో ఒక మనిషి శరీరం నుండి ఏడాదిలో బయటికి పోయే నత్రజని సుమారు రెండున్నర కిలోలని శాస్త్రజ్ఞుల అంచనా. లక్ష మంది ఉన్న పట్టణం నుండి అది 250 టన్నులు. నలభై అయిదు కిలోల యూరియా బస్తాలో నత్రజని సుమారు 20.7 కిలోలు. అంటే ఆ పట్టణం ఏడాదికి సుమారు 12,000 బస్తాల యూరియాకు సమానమైన నత్రజనిని కాలువలోకి వదులుతున్నది. ఇందులో ఎక్కువ భాగం మూత్రంలోనిది. అది నీటితోను, గాలితోను పోతుంది గనుక మడ్డిలో మిగిలేది కొంతే. అయినా ఆ కొంతను తేలికగా చూడరాదు. మన దేశానికి కావలసిన పొటాష్ విదేశాల నుండే వస్తున్నది. భాస్వరపు రాతిలో ఎక్కువ భాగం కూడా దిగుమతే. ఓడల మీద తెచ్చుకున్న భాస్వరం పైరులోకి, పైరు నుండి మనిషిలోకి, మనిషి నుండి చెరువులోకి చేరి గుర్రపుడెక్కను పెంచుతున్నది. చేనుకు చేరవలసినది చెరువుకు చేరడమే ఇక్కడి అనర్థం.

ఇంత మేలు ఉన్నదని వినగానే లారీని నేరుగా చేలోకి తోలించుకోవడం తగునా? తగదు. మడ్డిలో మూడు రకాల శత్రువులు దాగి ఉంటాయి.

మొదటివి రోగకారక జీవులు. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు కలిగించే సూక్ష్మజీవులు పచ్చి మడ్డిలో ఉంటాయి. వీటన్నిటికంటె మొండివి ఏలికపాము గుడ్లు. ఒక్క ఆడ ఏలికపాము రోజుకు రెండు లక్షల వరకు గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డు పైపెంకు ఎంత గట్టిదంటే, తడి నేలలో సంవత్సరాల తరబడి బతికి ఉండగలదు. చెప్పులు లేకుండా చేలో ఆడుకున్న పిల్లవాడు చేతులు కడగకుండా అన్నం తింటే చాలు, అది కడుపులోకి చేరుతుంది. రక్తహీనతతో, నీరసంతో తరగతిలో కునుకు తీసే పిల్లవాడిని సోమరి అని మందలించే ముందు ఈ సంగతి ఉపాధ్యాయులు గుర్తుంచుకోవడం మంచిది.

రెండవవి బరువు లోహాలు: కాడ్మియం, సీసం, క్రోమియం, నికెల్, పాదరసం. ఇవి మనిషి దేహం నుండి వచ్చేవి స్వల్పం. లోహాలకు పూత వేసే చోట్ల నుండి, బ్యాటరీల నుండి, రంగుల నుండి మురుగులోకి చేరుతాయి.

మూడవవి కొత్త రసాయనాలు: మందుల అవశేషాలు, సన్నని ప్లాస్టిక్ పోగులు, ఎన్నటికీ విచ్ఛిన్నం కాని కొన్ని ఫ్లోరిన్ సమ్మేళనాలు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఏళ్లతరబడి మడ్డి చల్లిన పొలాలలో ఈ సమ్మేళనాలు పేరుకొని, పాలలోకి, నీటిలోకి చేరిన కారణంగా 2022లో ఆ రాష్ట్రం పొలాలకు మడ్డి వేయడాన్నే నిషేధించింది. అదే అమెరికాలో మిల్‌వాకీ నగరం 1926 నుండి తన మడ్డిని ఎండబెట్టి సంచులలో ఎరువుగా అమ్ముతున్నది. ఒకే దేశంలో ఒకచోట నిషేధం, మరొకచోట వ్యాపారం ఉండడాన్ని బట్టి, ఈ విషయంలో తొందరపాటు మెప్పూ తగదు, తొందరపాటు తిరస్కారమూ తగదు అని తెలుస్తున్నది.

ఇప్పుడు శుద్ధి విధానం. మొదటి మెట్టు చిక్కబరచడం. పచ్చి మడ్డిలో నూటికి 95 పాళ్లకు పైగా నీరే ఉంటుంది. దానిని నిలిపి, తేటను తీసివేస్తే పరిమాణం ఎంతో తగ్గుతుంది. రెండవ మెట్టు మగ్గబెట్టడం. గాలి చొరని మూసిన తొట్టిలో సుమారు 35 డిగ్రీల వెచ్చదనంలో మూడు, నాలుగు వారాలు ఉంచితే ఒక జాతి సూక్ష్మజీవులు అందులోని కుళ్లే పదార్థాన్ని జీర్ణం చేసుకొని వాయువును వదులుతాయి. ఆ వాయువులో మూడింట రెండు వంతులు మీథేన్. ఇంటి పెరట్లోని గోబర్ గ్యాస్ తొట్టి పనిచేసే తీరు ఇదే. చెన్నై నగరంలోని శుద్ధి కేంద్రాలు కొన్ని ఈ వాయువుతో విద్యుత్తును ఉత్పత్తి చేస్తున్నాయి. మగ్గిన తరువాత దుర్గంధం బాగా తగ్గుతుంది.

మూడవ మెట్టు ఎండబెట్టడం. కంకర మీద ఇసుక పరచిన మడులలో జానెడు, జానెడున్నర మందాన మడ్డిని పోస్తారు. నీరు కిందికి ఇంకి, పైన ఎండ తగిలి, రెండు వారాలలో నెర్రెలు బారిన అట్టలుగా తయారవుతుంది. హోసూరు ఎండలకు ఈ పద్ధతి అనుకూలమే, వానకాలంలో మాత్రం పైన కప్పు అవసరం. ఎండినంత మాత్రాన ఎరువు అయిందని అనుకోరాదు. ఏలికపాము గుడ్లు ఎండకు అంత సులభంగా లొంగవు.

నాలుగవ మెట్టు అతి ముఖ్యమైనది. అది వేడితో మాగబెట్టడం. ఎండిన మడ్డిలో నత్రజని ఎక్కువ, కర్బనం తక్కువ. అందులో ఎండుటాకులు, వేరుసెనగ పొట్టు, కొబ్బరి పీచు పొట్టు, రంపపు పొట్టు వంటివి రెండు మూడు రెట్లు కలిపి, కర్బనం నత్రజనికి ఇంచుమించు 25 నుండి 30 రెట్లు ఉండేటట్లు సమకూర్చి, బారు కుప్పలుగా పేరుస్తారు. చేతిలో పిండితే బొట్టు పడీ పడనంత తడి ఉండాలి. రెండు మూడు రోజులలో కుప్ప లోపల వేడి పుడుతుంది. ఆ వేడి 55 డిగ్రీలకు తగ్గకుండా పదిహేను రోజులు నిలవాలి. ఆ లోపల కనీసం అయిదుసార్లు కుప్పను తిరగవేసి, వెలుపలి భాగం లోపలికి చేరేటట్లు చూడాలి. అమెరికా ప్రభుత్వం 1993లో ప్రకటించిన నిబంధనలలోని కొలత ఇది. ఈ వేడికి సూక్ష్మజీవులతోపాటు ఏలికపాము గుడ్లు కూడా నశిస్తాయి. ఆపైన నెల, రెండు నెలలు నీడలో మాగనిస్తే నల్లగా, పొడిగా, తొలకరి మట్టివాసన గల ఎరువు తయారవుతుంది. ఉష్ణమాపకం కుప్పలో గుచ్చి రోజూ వేడిని రాసిపెట్టడం తొమ్మిదవ తరగతి పిల్లలు కూడా చేయగల పని.

వేడి చేయలేని చోట కాలమే మందు. మన వంటి వెచ్చని దేశాలలో, కొత్త మలం కలపకుండా ఏడాదికి పైగా నిలవ ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో సూచించింది. సున్నం కలిపి క్షారగుణాన్ని 12కు పెంచి రోగక్రిములను అణచే పద్ధతి కూడా ఉన్నది.

ఇక్కడ ఒక మాట ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది. ఈ నాలుగు మెట్లూ మొదటి శత్రువును మాత్రమే జయిస్తాయి. వేడికి క్రిమి చస్తుంది గాని కాడ్మియం చావదు. నెలలు మాగినా సీసం సీసంగానే ఉంటుంది. కుప్ప కుంగి తరుగుతుంది కనుక లోహం పాలు కొంచెం పెరుగుతుంది కూడా. మన దేశపు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పట్టణ చెత్త ఎరువుకు హద్దులు విధించింది. కిలో ఎరువులో కాడ్మియం 5 మిల్లీగ్రాములు, క్రోమియం 50, నికెల్ 50, సీసం 100, జింకు 1,000, పాదరసం 0.15 మిల్లీగ్రాములు దాటరాదు. ఈ హద్దులోనే ఉన్న ఎరువును సైతం లెక్క లేకుండా వేయరాదని చూపే అంకగణితం ఒకటున్నది. ఎకరానికి ఏటా 5 టన్నుల ఎరువు వేస్తే, కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున 25 గ్రాముల కాడ్మియం చేరుతుంది. ఇరవై ఏళ్లకు అది అర కిలో. ఒక ఎకరంలో అరడుగు లోతు పైమన్ను బరువు సుమారు 9 లక్షల కిలోలు. ఆ లెక్కన కిలో మట్టికి అర మిల్లీగ్రాముకు పైగా కొత్తగా కలిసినట్లు. సహజమైన నేలల్లో సాధారణంగా ఉండేది అంతో, అంతకంటె తక్కువో. అంటే తాత నాటి నేల మనుమడి నాటికి రెట్టింపు కాడ్మియంతో చేతికి వస్తుంది. ఒకసారి చేరిన దానిని వెనక్కి తీసే ఉపాయం ఏ రైతుకూ లేదు.

కాబట్టి మడ్డి శుద్ధిలో సగం పని, మడ్డి పుట్టక మునుపే జరగాలి. హోసూరు విషయంలో ఈ మాటకు మరింత బరువు ఉన్నది. 1970లలో సిప్‌కాట్ పారిశ్రామిక వాడ వెలసిన నాటి నుండి హోసూరు పరిశ్రమల పట్టణం. చుట్టూ ఉన్నది గులాబీ తోటల, కూరగాయల సీమ. 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడింది, 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయింది. జనం పెరిగారు, మురుగు పెరిగింది. ఇళ్ల మురుగు వేరు, కార్ఖానా మురుగు వేరు అన్న గీత చెరగకుండా ఉంటే ఇళ్ల మడ్డి రైతుకు వరమవుతుంది. ఆ రెండూ ఒకే కాలువలో కలిస్తే, రెండూ చెడతాయి. పాల కుండలో ఉప్పు కల్లు పడిన తరువాత వడపోసి ప్రయోజనం లేదు.

ఈ సందర్భంలో పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. ఈ పాఠశాలలో చదివి పరిశ్రమలలో పనిచేస్తున్నవారు పలువురున్నారు. తాము పనిచేసే చోట పూత తొట్ల నీరు ఏ కాలువకు పోతున్నదో ఒకసారి చూసి రావడం వారికి కష్టం కాదు. ఇంటి ఇల్లాలికి, ఇంటి యజమానికి మరొక విన్నపం. పాడైన బ్యాటరీ ముక్కలు, మిగిలిన రంగు, పురుగుమందు కడిగిన నీరు, కాలం తీరిన మాత్రలు తూములో పడవేయకూడదు. రైతు చేలోకి చేరే విషం చాలా సందర్భాలలో పట్టణపు వంటింటి గొట్టం నుండే బయలుదేరుతుంది.

ఇక రైతు అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. “లారీ వాకిటికి వచ్చింది, ఎరువు ఉచితం, ఏం చేయమంటారు?” దీనికి సూటి సమాధానం ఇవ్వడం న్యాయం. పచ్చిగా చేలో పోయించుకోవద్దు. బావికి, చెరువుకు, వాగుకు దగ్గరగా అసలు పోయించుకోవద్దు. తమిళనాడు ప్రభుత్వం 2014లో సెప్టిక్ ట్యాంకు మడ్డి నిర్వహణకు మార్గదర్శకాలు ప్రకటించింది. దాని ప్రకారం లారీ సరకు చేరవలసినది శుద్ధి కేంద్రానికి. అక్కడ మాగి, పరీక్ష జరిగి, లోహాల లెక్క కాగితం మీద చూపిన ఎరువునే తీసుకోవాలి. తీసుకున్న దానిని కొత్తిమీర, పాలకూర, ముల్లంగి, క్యారెట్ వంటి పచ్చిగా తినే లేదా మట్టిలో పెరిగే పంటలకు వేయరాదు. మామిడి చెట్ల పాదులకు, గులాబీ తోటలకు, కలప చెట్లకు, దుక్కిలో కలిపి రాగి చేనుకు వేయడం మేలు. వేసిన వెంటనే మట్టిలో కలియదున్నాలి. చేతులకు తొడుగులు, కాళ్లకు చెప్పులు తప్పనిసరి. రెండు మూడేళ్లకొకసారి మట్టి పరీక్ష చేయించాలి. కాగితం చూపలేని వారి దగ్గర ఎరువు ఉచితమైనా ఖరీదైనదే.

ఇప్పటి వరకు మడ్డిని గూర్చి, నేలను గూర్చి చెప్పుకున్నది జరిగింది. ఆ మడ్డిలో దిగే మనిషిని గూర్చి చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్ణం. కృష్ణగిరికి ఎంతో దూరం లేని కోలారు బంగారు గనుల ఊరిలో 1966లో ఒక తెలుగు కుటుంబంలో బెజవాడ విల్సన్ పుట్టాడు. ఆయన కుటుంబం వారు తరతరాలుగా ఎత్తుడు దొడ్లు శుభ్రం చేసేవారు. తాను చదువుకొని, ఆ పని మనిషి చేతితో చేయవలసిన పని కాదని ఎలుగెత్తి చాటి, సఫాయి కర్మచారి ఆందోళన్ అనే ఉద్యమానికి రూపమిచ్చిన వారిలో ఒకడయ్యాడు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. మలాన్ని చేతితో ఎత్తించే పనిని 1993లో ఒక చట్టం, 2013లో మరింత గట్టి చట్టం నిషేధించాయి. తొట్లలో, కాలువలలో దిగి మరణించిన వారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు చెల్లించాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించి, 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం పెరగడం న్యాయమే. తొట్టిలో దిగవలసిన అవసరమే లేకపోవడం అంతకు మించిన న్యాయం.

మూత తెరిచిన సెప్టిక్ ట్యాంకులో రంగు లేని వాయువులు ఉంటాయి. వాటిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఒకటి. మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. అది ఎక్కువైన కొద్దీ ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. వాసన పోయిందని దిగిన మనిషి తిరిగి రాడు. అతనిని కాపాడబోయిన రెండవ మనిషీ రాడు. అందుచేత ఏ ఇంటి యజమానీ, ఎంత తొందర ఉన్నా, ఎంత డబ్బు ఆదా అయినా, తన ట్యాంకులోకి మనిషిని దింపరాదు. ఈ సభ నుండి ఇంటికి వెళ్లే ప్రతి ఒక్కరూ ఈ ఒక్క మాటనైనా వెంట తీసుకొని పోతే ఈ ప్రసంగానికి సార్థకత కలిగినట్లే. ఎరువు మంచిదా కాదా అన్న లెక్కలో లోహాల పట్టికతోపాటు, దానిని తయారుచేసిన చేతులకు తొడుగు ఉన్నదా, దినకూలి న్యాయంగా అందిందా, వారి బిడ్డ బడికి వస్తున్నదా అన్న పట్టిక కూడా చేరాలి.

వరంగల్ నగరం 2016లో సెప్టిక్ ట్యాంకు మడ్డికి నిబంధనలు రూపొందించి, మరుసటి ఏడు శుద్ధి కేంద్రాన్ని నెలకొల్పింది. బెంగళూరుకు ఉత్తరాన దేవనహళ్లిలో మడ్డిని ఎండబెట్టి, పట్టణపు తడి చెత్తతో కలిపి మాగబెట్టే కేంద్రం పనిచేసింది. 2017లో కేంద్ర ప్రభుత్వం జాతీయ విధానాన్ని ప్రకటించింది. మార్గం తెలియక ఆగిన పని కాదు ఇది. శ్రద్ధ కావలసిన పని.

పాఠశాలకు ఇందులో చేయవలసిన వంతు కొంత ఉన్నది. మధ్యాహ్న భోజనపు తడి చెత్తను, తోటలోని ఎండుటాకులను కలిపి ఒక మూల చిన్న కుప్ప పేర్చి, వేడి కొలిచి, పట్టిక రాయించవచ్చు. అందులో మురుగు మడ్డి కలపవలసిన పనిలేదు. శాస్త్రం ఒకటే, ప్రమాదం లేదు. సాంఘిక శాస్త్రం పిల్లలు దక్షిణ పినాకిని పటం గీసి, ఏ ఊరి నీరు ఏ ఊరికి చేరుతున్నదో గుర్తించవచ్చు. గణితం పిల్లలు పైన చెప్పిన కాడ్మియం లెక్కను తమ తండ్రి పొలానికి వేసి చూడవచ్చు. మాతృభాషలో చదివే బిడ్డకు ఇందులో ఒక సౌలభ్యం ఉన్నది. బడిలో విన్న మాటను సాయంత్రం ఇంట్లో అవ్వకు, నాయనకు అదే మాటలలో చెప్పగలదు. మధ్యలో అనువాదం అక్కరలేదు. తెలుగు మాధ్యమంలో పాఠశాల నడవడానికి గల ప్రయోజనాలలో ఇది ఒకటి.

హోసూరుకు సమీపంలోని తొరపల్లిలో 1878లో పుట్టిన రాజగోపాలాచారి దేశానికి గవర్నర్ జనరల్ అయ్యాడు. ఈ నేలకు పెద్దవారిని కనే శక్తి ఉన్నది. ఆ శక్తి నేలది కూడా కనుక నేలను కాపాడుకోవడం పెద్దవారిని కనడంలో భాగమే. రాబోయే పాతికేళ్లకు శతజయంతి జరిగే నాడు, ఇదే ఆవరణలో మరొక పందిరి వేస్తారు. ఆనాటి పిల్లలు కెలవరపల్లి నీటిని చూసి నురుగు అంటే ఏమిటని పెద్దలను అడిగితే, ఈ తరం తన పని చేసినట్లు. అడగనక్కరలేక తామే చూస్తూ ఉంటే, చేయనట్లు. ఏ సమాధానం రావాలన్నది ఈ సభలో కూర్చున్న వారి చేతుల్లో ఉన్నది.

అందరికీ శుభం కలుగుగాక. పాఠశాల వర్ధిల్లుగాక.